మువ్వకు కళ్ళజోడు వద్దన్న దుప్పి

అనగనగా ఒక అడవిలో, తనకే అన్నీ తెలుసనుకునే దుప్పి ఒకటి ఉండేది. నవ్వకండి పిల్లలూ, ఆ దుప్పిని నేనే.

నా కూతురు మువ్వ అడవి బడిలో చదివేది. తరగతిలో ఇరవై మంది పిల్లలుంటే ఎనిమిది మందికి కళ్ళజోళ్ళు. కుందేలు పిల్లకు కళ్ళజోడు, ఉడుత పిల్లకు కళ్ళజోడు. ఎలుగుబంటి కూతురికైతే ఏకంగా కాంటాక్ట్ లెన్సులు! "మా వంశంలో ఎవరికీ ఆ అవసరం రాలేదు" అని నేను అడవంతా టముకు వేసుకునేదాన్ని.

ఒకరోజు మువ్వ బోర్డు మీది లెక్క తప్పుగా రాసుకొచ్చింది. "పరధ్యానం!" అని తిట్టాను. మర్నాడు పక్కింటి దుప్పిని "అమ్మా" అంటూ వాటేసుకుంది. "ఆకతాయితనం!" అని కసిరాను. మూడోరోజు ఏనుగు మేస్టారు పిలిపించారు.

"దుప్పమ్మా, పిల్లకు దూరంగా ఉన్నవి ఆనడం లేదు. గుడ్లగూబ డాక్టరుగారికి చూపించండి."

"నా పిల్లకు కళ్ళజోడా? నాలుగు రోజులు పొన్నగంటి కూర తింటే అదే సర్దుకుంటుంది మేస్టారూ" అని వచ్చేశాను.

ఆ వారమే మేత కోసం వాగు దాటాల్సి వచ్చింది. కుందేలు పిల్ల కూడా మా వెంట వచ్చింది. నీళ్ళలో నల్లగా ఏదో అడ్డంగా ఉంది.

"అమ్మా, అదేమిటి?" అంది మువ్వ.

"దుంగ తల్లీ. దాని మీద కాలేసి దాటెయ్" అన్నాను ధీమాగా.

మువ్వ కాలెత్తింది. కుందేలు పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుని అరిచింది: "మువ్వా, ఆగు! దుంగ కాదు, మొసలి!"

మువ్వ వెనక్కి దూకింది. టప్పుమని దవడలు మూసుకున్నాయి. మొసలి పళ్ళు గీసుకుని మువ్వ ముంగాలి నుంచి రక్తం కారింది. బిడ్డను మొసలి నోటికి అందించబోయింది నేనే!

డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాం. ఆయన గాయానికి కట్టు కట్టి, మువ్వ కళ్ళు పరీక్షించి, అద్దాలు పెట్టారు. మువ్వ కిటికీలోంచి బయటకు చూసింది.

"అమ్మా, ఆకులు ఇంత దూరం నుంచి కూడా విడివిడిగా కనిపిస్తాయా? నీకు రోజూ ఇలాగే కనిపిస్తాయా?"

నేనూ బయటకు చూశాను. పచ్చటి ముద్ద తప్ప నాకేమీ కనిపించలేదు.

"లేదమ్మా" అన్నాను, సిగ్గుతో తల వంచుకుని.

డాక్టరుగారు కుర్చీ నా వైపు జరిపారు. "ఇక మీరు కూర్చోండి" అన్నారు.

నీతి: బిడ్డకు కళ్ళజోడు రావడం తలవంపు కాదు, పరువు కోసం దాన్ని వద్దనడమే తప్పు.