బుట్ట తీగకు రెండు ముడులు

అచ్యుతయ్యగారిని పాఠం చెప్పమంటే లేచి చెప్పులు వేసుకునేవారు. అది ఆయన అలవాటు. పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని ఆశ్రమం వెనక కొండ ఎక్కడం, దారిలో దొరికిన ఆకుకూరో, కాయో కండువాలో మూటగట్టుకుని దిగడం, వచ్చాక తానే పొయ్యి రాజేసి దాన్ని పప్పులో వేసి వండడం. ఆశ్రమం అంటే ఏదో పెద్దది అనుకునేరు. గోదావరి ఏజెన్సీలో కొండలు మొదలయ్యే చోట రెండు తాటాకు గదులు, ఒక వంటపాక, అంతే. ఉండేది కూడా ఇద్దరే, గురువుగారూ ఆయన శిష్యుడు దక్షిణామూర్తీ.

దక్షిణామూర్తికి నలభై రెండేళ్ళు. కాకినాడలో కాలేజీ లెక్చరరు ఉద్యోగం వదులుకుని, ట్రంకు పెట్టె నిండా పుస్తకాలతో ఇక్కడికి వచ్చాడు. ఉపనిషత్తులు కంఠతా వచ్చు. ఏ మాట ఏ మంత్రంలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంతటివాడికి మూడేళ్ళుగా కొండా పప్పుచారూ, పప్పుచారూ కొండా. మొదటి ఏడాది ఇదేదో పరీక్ష కాబోలు అని ఓర్చుకున్నాడు. రెండో ఏడాది గురువుగారికి చాదస్తం ముదిరిందేమో అని అనుమానపడ్డాడు. మూడో ఏడాదికి ఆ అనుమానం కాస్తా ఉక్రోషమైంది. ఒకనాడు విస్తరి ముందు కూర్చుని అడిగేశాడు.

"గురువుగారూ, బ్రహ్మమంటే ఏమిటో తెలుసుకుందామని వచ్చానండీ. పాఠం ఎప్పుడు మొదలుపెడతారు?"

అచ్యుతయ్యగారు చారన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే అన్నారు. "రేపటికి నా మోకాళ్ళు సెలవడిగాయి. కొండకి నువ్వొక్కడివే వెళ్ళు. నీకు తెలిసిందేదైనా తెచ్చి వండు, తింటాను."

దక్షిణామూర్తికి ఒళ్ళు మండింది. అడిగింది బ్రహ్మం గురించి, జవాబు కూర గురించా? అయినా లోలోపల ధీమాగానే ఉన్నాడు. మూడేళ్ళు తిరిగిన కొండ, కళ్ళు మూసుకుని ఎక్కగలడు. నిజం చెప్పాలంటే ఇన్నాళ్ళూ అలాగే ఎక్కాడు.

మర్నాడు కొండ మీద నిలబడితే ఆ సంగతి అతనికే తెలిసొచ్చింది. ఎటు చూసినా ఆకులే. గురువుగారు రోజూ గిల్లే ఆకు ఇదా, దాని పక్కదా? పొట్టిగా ఉండేదా, పాకేదా? గుర్తు చేసుకోబోతే శ్లోకాలు గుర్తొస్తున్నాయి గాని ఆకు గుర్తు రావడం లేదు. రెండు గంటలు తిరిగి, ముళ్ళు గీరుకుని, వట్టి చేతులతో వాగు దగ్గరికి దిగాడు. తల కొట్టేసినట్టయింది.

వాగులో బండల మధ్య, నీళ్ళు జోరుగా పారే చోట వెదురుబుట్ట కనిపించింది. బుట్ట నిండా పలచగా తరిగిన దుంప ముక్కలు, తెల్లగా, మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అతని ప్రాణం లేచివచ్చింది. అది పైగూడెంలో ఉండే కొండరెడ్ల ఆవిడ చిన్నక్క బుట్ట. ఆవిడ అప్పుడప్పుడూ ఉడకబెట్టిన దుంపలు ఆశ్రమానికి తెచ్చి ఇస్తుంది, అవి నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగిపోతాయి. కొండకు వెళ్ళినప్పుడల్లా గురువుగారు ఈ వాగు దగ్గర ఆగి, వంగి, బుట్టకు వేలాడే తీగను ఒకసారి వేళ్ళతో తడిమి కదిలేవారు. పెద్దాయన ఆయాసం తీర్చుకుంటున్నారని దక్షిణామూర్తి లెక్క. ఆ కాస్త సందులో తానొక శ్లోకం నెమరు వేసుకునేవాడు.

అతను దొంగ కాడు. ఊరికే తీసుకోవడానికి మనసొప్పక, భుజాన ఉన్న కొత్త ఉత్తరీయాన్ని మడిచి బండ మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచాడు. చిన్నక్క మురిసిపోతుందనుకున్నాడు. బుట్ట ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు.

మధ్యాహ్నానికి పులుసు కుతకుతలాడింది. చింతపండు చిక్కగా పిసికి, బెల్లం వేసి, ఇంగువ పోపు పెడితే వాసన వాకిలి దాకా వచ్చింది. దక్షిణామూర్తి తన చేతిని తానే మెచ్చుకున్నాడు. రుచి మాత్రం చూడలేదు. గురువుగారికి వడ్డించేది ఎంగిలి చేస్తే ఇంకేమైనా ఉందా?

అచ్యుతయ్యగారికి దగ్గరి చూపు మందం. పులుసులో ఏముందో అడగలేదు. అన్నంలో కలిపి మొదటి ముద్ద మింగారు. ఒక్క క్షణం ఆగి, చెయ్యి విస్తట్లోనే ఉంచి అడిగారు.

"రుచి చూశావా నాయనా?"

"అయ్యో, ఎంగిలి కదండీ!"

ఆయన ఏదో అనబోతుండగా వాకిట్లో కేక వినిపించింది. చిన్నక్క పరిగెత్తుకొస్తోంది. జుట్టు విడిపోయి ఉంది, ఒక కాలి నుంచి రక్తం కారుతోంది, చేతిలో దక్షిణామూర్తి ఉత్తరీయం ఉంది. వచ్చిన మనిషి దణ్ణం పెట్టలేదు, గుమ్మం బయట ఆగలేదు. తిన్నగా లోపలికొచ్చి గురువుగారి ముందున్న విస్తరిని కాలితో తన్నింది. అన్నం, పులుసు గోడంతా చిందాయి.

దక్షిణామూర్తి నిర్ఘాంతపోయాడు. గురువుగారి విస్తరిని కాలితోనా! "ఏమిటిది? మతి పోయిందా నీకు?" అని అరిచాడు.

"మతి పోయింది నీకు సామీ! అది రెండో దినం దుంప. అయిదు దినాలు పారే నీళ్ళల్లో నానితే గాని ఇసం పోదు. మా మరిది ఇట్టాగే తిని పొద్దుగూకే లోపల పోయాడు." ఆవిడ గురువుగారి గడ్డం పట్టుకుంది. "ఎన్ని ముద్దలు తిన్నావయ్యా?"

"ఒకటి" అన్నారాయన. ఆ ఒక్క మాటకే నాలుక తడబడింది.

దక్షిణామూర్తికి ఏదో చెయ్యాలని తెలుసు, ఏం చెయ్యాలో తెలియదు. ఆస్పత్రి పాతిక మైళ్ళ దూరం, వెళ్ళే బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. చిన్నక్క అతన్ని ఒక్క తోపు తోసి, ఉప్పునీళ్ళు కలిపి ముసలాయన చేత కడుపు ఖాళీ అయ్యేదాకా తాగించి కక్కించింది. పెదాలు వాచాయి. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆయన్ని నులకమంచం మీద పడుకోబెట్టి పక్కనే కూర్చుంది. దక్షిణామూర్తి గుంజకు ఆనుకుని పొద్దు వంకే చూస్తూ నిలబడ్డాడు. పొద్దుగూకే లోపల అన్న మాట చెవుల్లో గింగుర్లెత్తుతోంది. కంఠతా వచ్చిన శ్లోకాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. దేవుడా, దేవుడా అని మాత్రం అనుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

ఎండ కొండమీదికి ఎక్కి, అక్కడినుంచి కూడా జారిపోయింది. గురువుగారు కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగారు. చిన్నక్క ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఇంక పరవాలేదు" అని లేచింది. ఉత్తరీయాన్ని దక్షిణామూర్తి చేతిలో పెట్టింది.

"ఈ బట్ట పెట్టి పోయావు కాబట్టి తెలిసింది. లేకపోతే నా దుంప ఎవరు తిన్నారో పాడె లేచాక తెలిసేది. కావాలంటే అడగొచ్చు కదా సామీ, ఇయ్యనన్నానా?"

ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. దాని తీగ ఎప్పుడు తెగిపడిందో గాని పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

"కాస్త గంజి కాచి పెట్టు" అన్నారు అచ్యుతయ్యగారు మంచం మీంచి.

దక్షిణామూర్తి ఉలిక్కిపడ్డాడు. "నా చేతితోనా అండీ?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

బియ్యం కడిగాడు. గంజి కాగాక ఉప్పు వేసి, గరిటెతో కొంచెం అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించాడు. కాసేపు ఆగి మరోసారి చూశాడు. ఆ తర్వాతే గిన్నెలో పోశాడు. మంచం మీంచి గురువుగారు అంతా గమనిస్తూనే ఉన్నారు. చివరి చుక్క దాకా తాగారు.

"నేను పొద్దున బస్సుకి వెళ్ళిపోతానండీ" అన్నాడు దక్షిణామూర్తి. "మీ ప్రాణం తియ్యబోయాను. ఇంక ఏ మొహం పెట్టుకుని పాఠం అడగను?"

"పొయ్యి దగ్గర తీగ ఉంది, తీసుకురా."

తెచ్చాడు. తడి ఆరి గట్టిపడిన అడవితీగ. మొదటిసారి దాన్ని చేతిలో పట్టుకుని దీపం దగ్గరగా చూశాడు.

"ముడులెన్ని?"

వేళ్ళతో తడిమి చెప్పాడు. "రెండండీ. రోజుకొకటా?"

అచ్యుతయ్యగారు గిన్నె కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంటూ అన్నారు. "నిన్న ఒకటే ఉంది. నువ్వు నా పక్కనే నిలబడ్డావు నాయనా."