నూకరత్నం లెక్కపెట్టిన రోజు

నాకు మొదటిసారి మనసులో తేడాగా అనిపించింది గురువారం పొద్దున్న, ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందు. నూకరత్నం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఉన్నవి పద్దెనిమిది మెట్లు, ఆవిడ ఏడో మెట్టు దగ్గర ఆగిపోయారు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నా చేతిలో అంతకుముందు క్లాసులో ఆవిడ నింపిన కాగితం ఉంది. ‘అలసట ఎంత’ అన్నచోట మూడు అంకె చుట్టూ గుండ్రంగా గీత గీసి ఉంది.

ఆ కాగితం గురించి చెప్పాలి. మాది విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి వెనక మేడ మీద జరిగే యోగా క్లాసు. పదకొండు మంది వస్తారు, అందరూ కీమో అయిపోయినవాళ్ళో, మధ్యలో ఉన్నవాళ్ళో. కుర్చీల్లో కూర్చుని చేతులు ఎత్తడం, మెడ తిప్పడం, ఊపిరి మీద ధ్యాస పెట్టడం, చివర్లో కాసేపు పడుకోవడం. అంతే. క్లాసు అయ్యాక ప్రతివాళ్ళూ అలసటకి ఒక అంకె వెయ్యాలి. సున్నా అంటే అసలు లేదని, పది అంటే లేవలేనంత ఉందని. మూడు నెలలు చూసి, ఆ అంకెలు తగ్గితేనే క్లాసు కొనసాగిస్తామని, లేకపోతే గది వేరే పనికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు. ఆ అంకెలు పోగుచేసి రిపోర్టు రాసే పని నాది. డిగ్రీ అయ్యాక యోగాలో డిప్లొమా చేసి, ఈ క్లాసు నడిపే భ్రమరాంబ గారి దగ్గర చేరాను.

భ్రమరాంబ గారికి డెబ్బై దాటాయి. ఆవిడకో అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెప్తారు. చేరిన మొదటి వారంలో నేను క్లాసు చివర్లో గట్టిగా, “ఇప్పుడు అందరూ శవాసనం” అన్నాను. నూకరత్నం గారు వెంటనే, “ఆ ఆసనం మాకు నేర్పక్కర్లేదు పాపా, నీకంటే మేమే ముందు పాసైపోతాం” అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేను బిక్కచచ్చిపోయి, ఆ మాట అనొచ్చా అనకూడదా అని టీచరుగారిని అడిగితే, ఆవిడ నన్ను వెళ్ళి కిటికీలు మూసి రమ్మన్నారు. నేను తిరిగొచ్చేసరికి వాళ్ళతో “ఇంక పడుకోండమ్మా” అని మామూలుగా అంటున్నారు. అప్పట్నుంచి మేం ఆ పేరు వాడలేదు.

నూకరత్నం గారు బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళు నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయింది, ఆరు కీమోలు అయ్యాయి. ఎడమ చెయ్యి భుజం దాకానే లేస్తుంది. అలాంటి మనిషి ఎనిమిది నుంచి మొదలుపెట్టి వారానికొక అంకె చొప్పున దిగి మూడుకి వచ్చారు. నా రిపోర్టులో అందరికంటే బాగా తగ్గింది ఆవిడకే. అది చూసి నేను ఎంత మురిసిపోయానో చెప్పను.

ఆ గురువారం నేను మెట్ల దగ్గర నుంచి నేరుగా టీచరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. “అమ్మా, మన యోగా వల్ల వీళ్ళకి అలసట నిజంగానే తగ్గుతోందా? లేక మనకోసం తగ్గిందంటున్నారా?”

ఆవిడ చాపలు పరుస్తున్నారు. తల ఎత్తకుండానే, “ఇవాళ లెక్క నూకరత్నాన్ని పెట్టమను. నువ్వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చో” అన్నారు.

రోజూ లెక్క నాదే. చేతులు ఎత్తేటప్పుడు ఎనిమిది అంకెలు, దించేటప్పుడు ఎనిమిది. మాకు డిప్లొమాలో అలాగే నేర్పారు. నూకరత్నం గారు పైకొచ్చాక విషయం చెప్తే, కాసేపు వద్దంటూనే నా స్టూలు మీద కూర్చున్నారు. “నేను రైట్ అంటేనే బండి కదలాలి మరి” అన్నారు. వెనక వరసలో అప్పలనాయుడు గారు, “చిల్లర లేదని దింపీకమ్మా” అన్నారు.

“ఒకటి” అన్నారావిడ. చేతులు ఎత్తాం. “రెండు” అన్నారు. ఆ తర్వాత మాట లేదు.

నేను మూడు కోసం చూస్తున్నాను. ఆవిడ ఊపిరి తీసుకుంటున్నారు. ఆ ఊపిరి ఎక్కడో ఆగి, మళ్ళీ మొదలై, మెల్లిగా బయటికి రావడం నాకు వినిపిస్తోంది. నా భుజాలు మండడం మొదలుపెట్టాయి. పక్కకి చూస్తే మిగతావాళ్ళు ఓపిక ఉన్నంతసేపు ఉంచి చేతులు దించేసుకున్నారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. అంకె రాలేదని చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే.

“మూడు” అన్నారు. చాలాసేపటికి “నాలుగు” అన్నారు. “నాలుగు చాలు. నాకు అంతే ఉంది.”

గోడ మీద గడియారం చూశాను. ఆవిడ నాలుగు పూర్తయ్యే లోపల నా ఎనిమిది రెండుసార్లు అయిపోయేది. క్లాసంతా అలాగే నడిచింది. అయ్యాక అప్పలనాయుడు గారు, లెక్క తనకి అందింది ఇవాళేనని ఎవరితోనూ కానట్టు అన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళు నా వెనకాల పరిగెడుతున్నారని నాకు అప్పుడు తెలిసింది.

కాగితం తీసుకెళ్ళి నూకరత్నం గారి పక్కన కూర్చున్నాను. నిజం చెప్పమని అడిగాను. ఆవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ అంకెల వైపు చూశారు.

“క్లాసులో చేరినప్పుడు ఎనిమిది పాపా. ఇప్పుడు ఏడు.”

“ఒక్కటేనా ఆంటీ?” అని నోరు జారాను.

ఆవిడ నవ్వారు. ఆ ఒక్కటీ తక్కువేమీ కాదన్నారు. క్లాసు ఉన్న రోజున ఇంటికెళ్ళి తన కంచం తనే కడుక్కుంటారట. లేని రోజున కోడలు కడుగుతుందట. మరి మూడు ఎందుకు వేశారంటే, నేను మొదటి రోజు అన్న మాటే నాకు అప్పజెప్పారు. ‘ఇది నా ప్రాజెక్టు ఆంటీ, బాగా రావాలి’ అని కాగితాలు పంచుతూ అన్నానట. “నీ పరీక్షేమో అనుకున్నాను. చిన్నపిల్ల, పాసవ్వనీ అనీసి వేసాను” అన్నారు. ఇంకెవరైనా అలా వేశారా అని చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఒకరు చెప్పులు వెతుక్కుంటున్నారు, ఒకరు నీళ్ళ సీసా మూత బిగిస్తున్నారు.

సోమవారం ఆసుపత్రి డాక్టరుగారికి రిపోర్టు ఇవ్వాలి, అంకెలన్నీ మళ్ళీ అడిగి సరిచేస్తానన్నాను. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. అంతవరకూ ఆవిడ మొహంలో ఉన్న సరదా పోయింది.

“ఆ మూడు అలా ఉండనీ పాపా. ఈ క్లాసు పోతే నానెక్కడికి ఎల్తాను? ఇంట్లో అందరూ పడుకో, పడుకో అంటారు. పడుకుంటే తగ్గే అలుపేటి ఇది?”

ఆవిడ కొంగు సర్దుకుని, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయారు. కిందికి చేరేదాకా చూస్తూ నిలబడి, లోపలికొచ్చి టీచరుగారిని ఏం రాయమంటారని అడిగాను. ఏడు అని రాస్తే తగ్గింది ఒక్కటే కాబట్టి గది తీసేసుకుంటారేమో. మూడు అని రాస్తే, ఆ కాగితం చూసి ఇంకోచోట ఇంకో పిల్ల ఎనిమిది లెక్కపెట్టి ఇలాంటివాళ్ళ చేత చేతులు ఎత్తిస్తుంది.

భ్రమరాంబ గారు ఆఖరి చాప చుట్టి గోడకి ఆనించారు. ఈసారి నాకు పనేమీ చెప్పలేదు.

“ఏడు అని చెప్పడానికి ఆవిడకి ఎంత ఓపిక పట్టిందో చూశావా” అని మాత్రం అన్నారు.

ఇవాళ శనివారం. రిపోర్టు నా దగ్గరే ఉంది. మిగతా పదిమందినీ మళ్ళీ అడగాలంటే రేపొక్కరోజే మిగిలింది. అడిగితే నిజం చెప్తారని ఇప్పుడు నాకు తెలుసు, ఆ నిజంతో వాళ్ళ గది పోవచ్చనీ తెలుసు. వద్దని నా చెయ్యి పట్టుకున్న మనిషిని కాదని వెళ్ళి అడగనా? మీరైతే ఏం చేస్తారు?