ముసలాళ్లకు తప్పు చెప్పిన సిమ్మాలు

అనగనగా అంటే ఎంత వెనక్కో అనుకునేరు, ఇంకా వెనక్కి నడవండి. సముద్రానికి ఇంకా ఉప్పు పట్టని రోజులు. చెట్టు మీంచి కొబ్బరికాయ పడితే, ఆ పడ్డ గుంటలో ఏనుగు స్నానం చేసే రోజులు. ఆ రోజుల్లో ఏరు సముద్రంలో కలిసే చోట ఉప్పుగెడ్డ అని ఒక ఊరుండేది. సముద్రానికే ఉప్పు లేనప్పుడు ఊరికా పేరెలా వచ్చిందని అడక్కండి. ఊరుండేది, అంతే.

ఆ ఊళ్లో సిమ్మాలు అని ఒక ఆడమనిషి ఉండేది. పొలం లేదు, పడవ లేదు, పుట్టిల్లు లేదు. తల్లెవరో తండ్రెవరో చెప్పేవాళ్లే లేరు. పసిపిల్లలకు నీళ్లు పోసేది, ముసలాళ్ల మోకాళ్లకు ఆముదం రాసేది. ఎవరేది పెడితే అది తినేది. ఆమె చెయ్యి ఎలాంటి చెయ్యంటే, పదేళ్లు మంచం దిగని ముసలాడు కూడా లేచి తాటిచెట్టెక్కేసేవాడు. దిగడానికి మాత్రం మళ్లీ ఆమెనే పిలవాల్సొచ్చేది.

ఆ ఊళ్లోనే గౌరీసు అని ఒక పిల్ల, దాలయ్య అని ఒక కుర్రాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం. పెళ్లి కుదిరింది. పందిరి లేచింది. పెళ్లిరాటకు పసుపు కూడా రాశారు. అప్పుడొచ్చాడు ఊరిపెద్ద జగ్గయ్య. ఆయన మీసం మీద రెండు కాకులు ఎదురూబొదురూ కూచుని మాట్లాడుకోవచ్చు.

"ఆపండెహె!" అన్నాడు. "ఈ గుంట నానమ్మ దేముడమ్మ. ఈ కుర్రాడి నానమ్మ నీలాలు. ఆళ్లిద్దరూ 'అప్పా', 'చెల్లీ' అని పిలుచుకోగా నా చెవులారా విన్నాను. అప్పచెల్లెళ్ల కొడుకులు అన్నదమ్ములు. అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్లు. అన్నకీ చెల్లికీ పెళ్లేటి?"

ఆ నానమ్మలిద్దరూ ఎప్పుడో పోయారు. వాళ్ల కొడుకులు ఒకే పడవలో వేటకెళ్లి తిరిగిరాలేదు. మిగిలింది పిల్లల తల్లులు. ఇద్దరూ వేరే ఊళ్లనించి కోడళ్లుగా వచ్చినవాళ్లు. అత్తల పుట్టుపూర్వోత్తరాలు అడిగేలోపే అడగాల్సినవాళ్లంతా పోయారు.

గౌరీసు ఏడిచింది. ఏడిస్తే గెడ్డలో నీళ్లు మూరెడు పెరిగి మూడు మేకలు కొట్టుకుపోయాయి.

జగ్గయ్య మనసు మేకలకు కరిగిందో పిల్లకు కరిగిందో, "మూడు రోజులు," అన్నాడు. "నాను చెప్పింది తప్పని చెప్పే పెద్దలెవరైనా ఉంటే తీసుకురండి. నేదంటే రాట పీకెయ్యండి."

గౌరీసు తల్లి పరుగున సిమ్మాలు దగ్గరికొచ్చింది. "ఒలే సిమ్మాలూ! ఈ ఊళ్లో ముసలాళ్ల మోకాళ్లన్నీ నీ చేతిలోనే ఉన్నాయి గదే. ఒక్కసారి అడగవే."

సిమ్మాలు ఆముదం బుడ్డి పట్టుకుని బయల్దేరింది.

మొదటిరోజు గురయ్య తాత. ఊరంతటికీ ఊయలలు కట్టిన మనిషి. సిమ్మాలు మోకాలు రాస్తూ అడిగింది.

"తాతా, దేముడమ్మదేవూరు?"

"నానెరగను."

"నీలాలుదేవూరు?"

"ఎండెక్కిపోతంది, తొందరగా రాయి."

"ఆళ్లిద్దరూ ఏటవుతారు?"

"నీకెందుకే?"

ఇంతే. ముసలాళ్లను సూటిగా అడిగి చూడండి, తాళం వేసిన పెట్టెలే. సిమ్మాలు విసుగొచ్చి లేచింది. "సరేలే తాతా. ఇద్దరూ ఈ ఊళ్లోనే, ఒకే ఇంట్లో పుట్టారంట. ఊరంతా అంటన్నారు."

గురయ్య తాత ఆమె కొంగు పట్టుకుని లాగాడు. "కూకో! ఎవడే ఆ మాటన్న ఎదవ? నీలాలు ఇక్కడ పుట్టింది, దాని ఊయల నానే కట్టాను. దేముడమ్మ కొండవైపు నించి పెళ్లికూతురై బండిలో దిగింది. ఆ రోజే మా గేదె ఈనింది. దూడకు చెవి మీద తెల్లమచ్చ!" అని, అడక్కుండానే ఆ గేదె అమ్మమ్మ దాకా చెప్పుకుపోయాడు.

సిమ్మాలు నోరు తెరుచుకుని వింది. 'ఓలమ్మ! అడిగితే చెప్పరు గానీ, తప్పు చెబితే ఊరుకోరన్నమాట' అనుకుంది.

జగ్గయ్య దగ్గరికెళ్లి చెప్పింది. జగ్గయ్య మీసం కదల్లేదు. "అయితే ఏటి? ఒక బిడ్డ అత్తోరింట పుడతాది, ఇంకో బిడ్డ కన్నోరింట పుడతాది. అప్పచెల్లెళ్లు కాకుండా పోతారా?"

రెండోరోజు సూరమ్మవ్వ. నోట్లో ఒక్క పన్ను, దానితోనే చెరుకుగడ నమిలేది. సిమ్మాలు ఈసారి అడగనే లేదు. మోకాలు రాస్తూ, "పాపం దేముడమ్మ మొగుడు. మరీ పొట్టోడంటగా అవ్వా," అంది.

"పొట్టోడా!" సూరమ్మవ్వ చెరుకుగడ విసిరేసింది. "ఆడు నిలబడితే గద్దలు తల మీద వాలేవే! ఆ ఇంట అందరూ తాడిచెట్లే. ఆడి చెల్లి నీలాలు మాత్రం తక్కువ పొడుగా?"

"నీలాలు ఆడి చెల్లా?"

"మరేటి? తోడబుట్టింది."

అంటే దేముడమ్మ నీలాలుకు అప్ప కాదు, అన్న పెళ్లాం. వదిన. అన్న పిల్లలూ చెల్లి పిల్లలూ బావలూ మరదళ్లూ. వాళ్ల పిల్లలకూ అదే వరస. పెళ్లికి అడ్డేముంది?

జగ్గయ్య ఇది విని కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మరి 'అప్పా' అని ఎందుకు పిలిచింది? ఏ ఊళ్లోనైనా వదినని 'అప్పా' అంటారా? సూరమ్మకు మతి పోయింది. ఇంకొక్కరోజే ఉంది."

మూడోరోజు సిమ్మాలు ఎక్కడికీ వెళ్లలేదు. జగ్గయ్య ఇంటికే వెళ్లింది. అక్కడ పెరటి చావట్లో ఆయన తల్లి అసిరమ్మ ఉండేది. ఆమెకు నూట ఎనభయ్యేళ్లు. నూట తొంభై అంటారు కొందరు, నేనెక్కువ చెప్పను. ఊళ్లో వాళ్లు ఆమె ఉందన్న సంగతే మరిచారు. జగ్గయ్య ఆ చావడి వాకిట్లోనే తువ్వాలు దులుపుకుంటున్నాడు.

సిమ్మాలు అసిరమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుంది. "అవ్వా, దేముడమ్మా నీలాలూ తోడబుట్టిన అప్పచెల్లెళ్లంట. మీ జగ్గయ్యబాబు చెప్పాడు."

అసిరమ్మ కళ్లు తెరిచింది. "ఆడి మొకం. ఆడికేటి తెలుసు? ఆళ్లు వదినా మరదళ్లే. ఏరు పొంగిన ఏడు తొమ్మిది రోజులు ఇంటికప్పు మీద కూకున్నాం. నాను, దేముడమ్మ, నీలాలు. ఒకటే ముంత గంజి. దేముడమ్మ తాగినట్టు చేసి నీలాలుకిచ్చేది. నీలాలు తాగినట్టు చేసి నాకిచ్చేది. నా ఒళ్లో చంటోడున్నాడని. నీళ్లు తీశాక దేముడమ్మంది, 'మరదలంటే ఎగతాళాడాలి, దెప్పిపొడవాలి. ఈ మనిషిని దెప్పడానికి నాకింక నోరు రాదు' అని. ఆ రోజు నించీ ఒకర్తి అప్పంది, ఒకర్తి చెల్లంది."

వాకిట్లో తువ్వాలు దులపడం ఆగింది. జగ్గయ్య గుమ్మంలోకొచ్చాడు.

"ఆ చంటోడెవరమ్మా?"

"నువ్వేరా."

"నాకెప్పుడూ చెప్పనేదేటి?"

"నువ్వెప్పుడడిగావు? అరవయ్యేళ్లుగా నన్నడిగిందొకటే. కొట్టు తాళం ఎక్కడా అని."

జగ్గయ్య తల్లి పక్కన నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి వెళ్లి, పెళ్లిరాటకు తనే మళ్లీ పసుపు రాశాడు. పెళ్లి నలభై రోజులు జరిగింది. వండిన అన్నపు రాశి మీద మబ్బులు ఆనాయి.

ఏళ్లు గడిచాయి. సిమ్మాలు మోకాళ్లకే ఆముదం కావలసొచ్చింది. గౌరీసు రోజూ వచ్చి రాసేది. ఒకరోజు అడిగింది, "మా అందరి వాళ్లనీ వెతికిపెట్టావు. మరి నీ వాళ్లెవరు?"

"ఎరగనే తల్లీ. నాకు చెప్పేవోళ్లెవరూ మిగల్నేదు."

గౌరీసు అరచేతిలోకి ఇంకాస్త ఆముదం పోసుకుంది. మోకాలు రాస్తూ, నెమ్మదిగా అంది. "నువ్వు మా అమ్మను కన్నదానివంట గదా. నాకు అమ్మమ్మవంట. ఊరంతా అంటన్నారు."

సిమ్మాలు నోరు తెరిచింది. మళ్లీ మూసింది. గౌరీసు ముఖంలోకి చూసింది.

"కొంచెం గట్టిగా రాయే గుంటా," అంది.

అంతే. తప్పని అనలేదు.

ఆమె పోయాక పెద్దల పండగనాడు గౌరీసు తమ వాళ్ల పేర్లు చెప్పి అన్నం పెడుతూ, చివర్న "మా అమ్మమ్మ సిమ్మాలు" అంది. పక్కింటివాళ్లు విన్నారు. వాళ్ల పిల్లలకూ సిమ్మాలే నీళ్లు పోసింది మరి. వాళ్లూ అన్నారు. ఎదురింటివాళ్లూ అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఊరంతా "మా అమ్మమ్మ సిమ్మాలు."

అప్పుడొచ్చింది అసలు చిక్కు. అందరికీ ఒకే అమ్మమ్మయితే తల్లులంతా అప్పచెల్లెళ్లు. పిల్లలంతా అన్నాచెల్లెళ్లు. ఇంక ఆ ఊళ్లో పెళ్లెవరికవుతుంది? అప్పటికి జగ్గయ్యకు రెండొందల ఏళ్లు, మీసం ఇద్దరు మోసేవారు. ఆయన తీర్పు చెప్పాడు. "సిమ్మాలు అందరికీ అమ్మమ్మే. పెళ్లి దగ్గర మాత్రం ఆ అమ్మమ్మ పక్కకు జరిగి కూకుంటాది."

ఈనాటికీ ఉప్పుగెడ్డలో రాట వేసేముందు ఇంట్లో అందరికన్నా ముసలివాళ్లను తెచ్చి పందిట్లో కూచోబెడతారు. మోకాళ్లకు ఆముదం రాసి అడుగుతారు. "ఈ ఇద్దరూ ఏమవుతారు?"

"సిమ్మాలు వైపు అన్నాచెల్లెళ్లు. మిగతా అన్ని వైపులా బావామరదళ్లు," అంటారు వాళ్లు.

పందిరంతా నవ్వుతుంది. ఆ నవ్వయ్యాకే రాట వేస్తారు.