పిట్ట ముద్ర రొట్టె

స్పెయిన్ దేశంలోని వల్దోరియా అనే పాత నగరంలో, కోటగోడకు ఆనుకుని ఒక చిన్న మ్యూజియం ఉన్నది. ఊరి చరిత్ర చెప్పే శిలలూ, కత్తులూ, రాజుల పటాలూ అందులో చాలా ఉన్నాయి. వాటి ముందు ఆవలించినవారు కూడా చివరి గదిలో కుదురుగా నిలబడతారు. అక్కడ ఒక పాత రొట్టెల బట్టీ, దాని పక్కన గాజుపెట్టెలో పిట్టబొమ్మ చెక్కిన చిన్న చెక్క ముద్ర ఉన్నాయి.

పూర్వం ఇక్కడ ఊరంతటికీ ఇదొక్కటే బట్టీ. ఇల్లాళ్ళు ఇంట్లో పిండి కలిపి, ముద్దలు చేసి, పళ్ళెంలో పెట్టి గుడ్డ కప్పి తెచ్చేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి ఇంటికొక ముద్ర ఉండేది. బట్టీని చూసుకునే ఇల్దెఫోన్సా అనే పెద్దావిడ పళ్ళెంతోపాటు ముద్రనూ తీసుకుని, తానే గుర్తులు వేసి కాల్చేది.

ఒక ఏడు వానలు కురవలేదు. భర్త పోయిన కసిల్దా ఇంట పిండి నిండుకున్నది. ఇద్దరు పిల్లలు ఆకలితో నీరసించిపోతున్నారు. అడిగితే పరువు పోతుంది, అడగకపోతే పిల్లలు దక్కరు. ఏమీ తోచక, ఇరుగుపొరుగు చూస్తున్నారని, ఆమె పళ్ళెంలో పెంకుముక్కలు పేర్చి, గుడ్డ కప్పి, రోజూలాగే బట్టీకి వచ్చింది. అక్కడ గుడ్డ తీస్తారన్న సంగతే ఆ పిచ్చితల్లి మరచిపోయింది.

ఇల్దెఫోన్సా గుడ్డ ఎత్తి చూసి, మళ్ళీ కప్పేసింది.

"మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళమ్మా," అన్నది.

ఆమెకు ముందే మరియమాత కలలో కనిపించి ఆజ్ఞాపించిందని కొందరంటారు. పెంకులు కళ్ళారా చూశాక ఇక కలెందుకని మ్యూజియం కాపలాదారు వాదన. చూడవెళ్ళిన మాకూ అదే సబబనిపించింది.

ఆ ఉదయం వచ్చిన ప్రతి ఇల్లాలితోనూ ఇల్దెఫోన్సా ఒకటే మాట చెప్పింది. "ఒక ముద్ద వదిలి వెళ్ళండి. ఎవరికని అడగకండి." తమకే చాలని పిండిలో నుంచి వారు తీసి ఇచ్చారు. ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం కసిల్దా తలవంచుకుని వచ్చింది. పళ్ళెంలో వేడి రొట్టెలున్నాయి. ప్రతిదాని మీదా తన ఇంటి పిట్ట ఉన్నది.

"ఇవి నావి కావమ్మా."

"ముద్ర నీదే కదా. చల్లారకముందే పిల్లలకు పెట్టు."

కరువు తీరేదాకా ఇలాగే సాగింది. పంటలు పండిన ఏడు కసిల్దా నిండు పళ్ళెం తెచ్చి, ఒక ముద్దను పక్కకు జరిపి, దానికి తన గుర్తు వేయవద్దన్నది.

"ఎవరికమ్మా?" అని ఇల్దెఫోన్సా కావాలనే అడిగింది.

"నేను అడగను. మీరూ చెప్పకండి."

ఆ బట్టీ నేటికీ ఆదివారాల్లో వెలుగుతుంది. చూడవచ్చినవారి చేతిలో పిట్ట ముద్ర వేసిన చిన్న రొట్టె పెడతారు. గుర్తులేని రొట్టెలు కొన్ని కిటికీ గట్టు మీద ఉంటాయి. కావలసినవారు తీసుకుంటారు, ఆ వైపు ఎవరూ తల తిప్పరు. దేశం కాని దేశంలో ఆ రొట్టె తింటుంటే, ఒకప్పుడు పేరు చెప్పకుండా మా ఇంటికి బియ్యం పంపినవారు గుర్తుకు వచ్చారు. వారెవరో నేటికీ మాకు తెలియదు. అక్కడే నిలబడి వారికి నమస్కరించుకున్నాము.

ఈ కథ చదివినవారి ఇంట పిండి నిండుకోకుండుగాక. నిండుకున్న రోజున, గుడ్డ ఎత్తి చూసి మళ్ళీ కప్పే చేయి ఒకటి దొరుకుగాక.