సిలారు బొట్టు

అనగనగా. ఎంత అనగనగా అంటే, ఊర్లో ఎద్దులన్నీ సంతకు పోయినంక, ఇంటింటికీ ట్రాక్టర్లు ఇంకా రాకముందు. నడుమ ఒక కాలం ఉండె. ఆ కాలంలో నల్లబండపల్లెకంతా కలిపి ఒకటే ట్రాక్టరు. ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు లేచి ముఖం కడుక్కోని రాండి. నేను మళ్ళా మొదట్నుంచి చెప్పను.

ట్రాక్టరు ఓబులమ్మది. మొగుడు పోయినా సేద్యం వదలని మొండిమనిషి. దాన్ని తోలేవాడు దూదేకుల సిలారు. సెంటు భూమి లేదు. ఒంటిమీద ఒక చొక్కా, చొక్కా నిండా గ్రీజు. ట్రాక్టరుకు ఎర్రక్క అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున్నే దాని బానెట్టు మీద చెయ్యేసి, "ఏమక్కా, లేస్తావా?" అని అడిగి గానీ ఎక్కడు.

ప్రతి దసరాకూ ఆయుధపూజకని ఎర్రక్కకు కొత్త రంగు వేసేవాడు. ముందు చక్రం నుంచి వెనక కొక్కెం దాకా ఒక్క సందు వదలడు. బోల్టులు కూడా విప్పి, వాటి కింద పూసి, మళ్ళా బిగించేవాడు. ఆపైన పసుపు, కుంకుమ. అది చూసి పెండ్లాం మాబున్ని ఉడుక్కునేది.

"నాకు కొత్త కోక లేదు గానీ, మీ అక్కకు మాత్రం ఏటా కొత్త కోకనే!"

"అక్క లేస్తేనే గదే మనకు కూడు" అని నవ్వేవాడు సిలారు.

ఒక ఏడు వాన ముఖం చాటేసింది. ఆకాశం చూసి చూసి జనానికి మెడలు పట్టుకున్నాయి. ఇంక బెంగుళూరికి కూలికి పోదామని మూటలు కడతా ఉంటే, కురిసింది చూడు! వాగూ వంకా ఏకమైపోయినాయి. నేల నిండా పదును. పదునంటే ఏమనుకున్నారు? విత్తనం మొలిచేంత తడి. అది చుట్టం. ఎండ కాసిందంటే ఉండమన్నా ఉండదు. ఆలోపల శనక్కాయ విత్తనం పడితే ఊరు ఊర్లో ఉంటాది. పడకపోతే ఊరు బస్సెక్కుతాది.

తెల్లారంగానే సిలారు ఎర్రక్క మీదెక్కి తాళం తిప్పినాడు. టిక్కుమంది, టక్కుమంది, ఊరుకుంది.

"బ్యాటరీ దిగిపోయింది" అన్నారు జనం. సైకిలు మీద కట్టుకోని టౌనుకు పోయి, ఛార్జింగు పట్టించి తెచ్చినాడు. బిగించి తాళం తిప్పినాడు. టిక్కుమంది, టక్కుమంది, ఊరుకుంది.

"బెల్టు వదులైందేమో, డైనమో తిరగడంలా" అన్నారు. బెల్టు బిగించి, డైనమో తుడిచి, తాళం తిప్పినాడు. టిక్కుమంది, టక్కుమంది, ఊరుకుంది.

"అయితే సెల్ఫు మోటారే" అన్నారు. గోనెపట్ట పరిచి, మోటారు విప్పి, మసంతా గీకి బిగించినాడు. చెప్పండి, ఏమయింది? ఆఁ, అదే. టిక్కుమంది, టక్కుమంది, ఊరుకుంది.

ఇంక లాభం లేదని మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా తోసింది. బురబురమని లేచింది ఎర్రక్క. గొర్రు తగిలించుకోని పెద్దచేనికి పోయింది. మధ్యాన్నం దాకా విత్తనం పడింది. మలుపు కాడ ఇంజను ఆగిపోయింది. సిలారు తాళం తిప్పితే మళ్ళా అదే పాట. తోద్దామంటే తడి నేల. మనుషుల కాళ్ళే దిగబడతాంటే చక్రాలేం కదులుతాయి?

ఓబులమ్మ గట్టు దిగి వచ్చింది. "సిలారూ, ఎండ ముదిరింది రా. దిష్టి తీసినాం, నిమ్మకాయ కట్టినాం. అవుతాదా కాదా ఒక మాట చెప్పు. కాదంటే జనం మళ్ళా మూటలు కట్టుకుంటారు."

సిలారు దిగి, ఎర్రక్క మీద చెయ్యేసి ఆలోచించినాడు. పొద్దుట్నుంచి తిరిగిన బండి. ఛార్జింగు ఎక్కుండాల, ఎక్కలేదు. అంటే బ్యాటరీ ఇచ్చేదీ పోవడంలేదు, డైనమో పంపేదీ చేరడంలేదు. పోయే దారికీ వచ్చే దారికీ రెండింటికీ ఒకటే గడప యాడుంది?

"అవుతాది లే ఓబులమ్మా" అన్నాడు. "బ్యాటరీ మంచిదే, మోటారూ మంచిదే. ఇద్దరి నడుమ ఎవడో దూరి తగాదా పెట్టినాడు. వాణ్ణి పట్టుకుంటా. నువ్వెక్కి తాళం తిప్పు."

"నేనా?"

"నువ్వే. నేను నాడి చూడాల."

ఓబులమ్మ కొంగు నడుముకు చెక్కి సీటెక్కింది. తాళం తిప్పింది. సిలారు బ్యాటరీకి బిగించిన కాడ తీగ పట్టుకున్నాడు. చల్లగా ఉంది. మళ్ళా తిప్పింది. మోటారు కాడ పట్టుకున్నాడు. చల్లగానే ఉంది. మళ్ళా తిప్పింది. నల్ల తీగ బండి ఒంటికి బిగించిన బోల్టు కాడ పట్టుకున్నాడు. చురుక్కుమంది!

"అబ్బా!"

"ఏమైంది రా, కరెంటు కొట్టిందా?"

"లేదమ్మా, దొంగ దొరికినాడు!"

చూడండి, బ్యాటరీ నుంచి పోయిన కరెంటు తిరిగి బ్యాటరీకే రావాల. ఆ వచ్చే దారి బండి ఒళ్ళే. అందుకే నల్ల తీగను ఒంటికి బిగిస్తారు. ఎర్తు అంటారు దాన్ని. అక్కడ ఇనుముకు ఇనుము తగలాల. తగలకపోతే కరెంటు అక్కడే కొట్టుకోని వేడెక్కుతాది.

సిలారు బోల్టు విప్పి, కొడవలి మొనతో కింద గీకినాడు. ఎర్ర రంగు రాలింది. గీకినాడు. దాని కింద ఇంకో ఎర్ర రంగు. గీకినాడు. దాని కింద పసుపు చార, ఇంకో రంగు. ఏ పొర ఏ దసరాదో ఆయనకు తెలుసు. ఇది కూతురు పుట్టిన ఏటిది. ఇది నాయన పోయిన ఏటిది. ఇది మాబున్నికి కోక మానుకోని తెచ్చిన రంగు. ఆయన కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"అక్కా, నీ గొంతు నొక్కింది నేనే గదే! ముద్దుచేసి ముద్దుచేసి నేనే నొక్కితిని!"

"ఏడుపు తర్వాత, గీకుడు ముందు!" అని కసిరింది ఓబులమ్మ.

గీకినాడు. రూపాయి బిళ్ళంత చోటు తెల్లగా మెరిసింది. తీగ కొస కూడా గీకి, బోల్టు బిర్రుగా బిగించినాడు. "ఇప్పుడు తిప్పమ్మా" అన్నాడు. టిక్కు లేదు, టక్కు లేదు. బుర్రుమని లేచింది ఎర్రక్క. ఓబులమ్మ ఎగిరిపడి స్టీరింగు కరుచుకుంది. గట్టు మీద జనం ఈలలేసినారు.

పదును ఉన్నన్నాళ్ళూ సిలారు సీటు దిగలేదు. కూడు కూడా మాబున్ని చేను కాడికే తెచ్చింది. ఆఖరి చేను ఆఖరి సాలు పడినాక, బెంగుళూరు బస్సు వచ్చి ఊరి ముందర ఆగింది. హారన్ కొట్టింది. ఒక్కరూ ఎక్కలేదు. పోయింది.

ఆ దసరాకు మాబున్నికి కోక వచ్చింది. ఎర్రక్కకూ రంగు పడింది, ఆ ఒక్క చోటు తప్ప. "ఏం సిలారన్నా, రంగు చాల్లేదా?" అని ఎగతాళి చేసినారు. దాపరికం లేని మనిషి గదా, కనబడినోళ్ళందరికీ చెప్పినాడు: "నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఎంత ముద్దున్నా తగలాల్సిన చోట పూయొద్దు."

కాలం ఎవరి కోసం నిలుస్తాది? సిలారు పోయినాడు. ఆ ఏటి ఆయుధపూజకు కొత్త డ్రైవరు ఎర్రక్కకు రంగేస్తా వేస్తా ఆ బోల్టు కాడికొచ్చినాడు. మాబున్ని కొడవలి పట్టుకోని అడ్డమొచ్చింది. "అబ్బీ, ఆగు. ఆ చోటు మా ఆయనది" అనింది. తానే వంగి తెల్లగా గీకింది. గీకి, ఆ చోటు మీద వేలు పెట్టి, చాలాసేపు అట్లే నిలబడింది. ఊరు కూడా నిలబడింది.

అప్పట్నుంచి ఆ తట్టు ట్రాక్టరు కానీ, లారీ కానీ, ఆటో కానీ, ఆయుధపూజకు ముందు ఎర్తు బోల్టు కింద గీకుతారు. గీకినాకే పసుపూ కుంకుమా. ఆ గీకిన చోటుకు సిలారు బొట్టు అని పేరు. ఇంకోటి కూడా ఉంది. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా, మొగుడూ పెండ్లాలు మూతులు ముడుచుకున్నా, తప్పెవరిదని పెద్దోళ్ళు అడగరు. "సిలారు బొట్టు గీకినారా?" అని అడుగుతారు.

అందరి కథలూ కంచికి పోతాయి. ఇది చేనికి పోయింది. మీరు ఇంటికి పోండి, మీ ఇంట్లో గీకాల్సిందేమన్నా ఉంటే గీకండి.