కాగితం మీద కౌలుదారు

పల్నాడులోని ఈదులపాలెంలో అంకారావు అనే మిర్చి రైతు ఉండేవాడు. సేద్యంలో దిట్టే కానీ, పెద్దవాళ్లు అడిగితే కాదనలేడు, చిన్నవాళ్లు అడిగితే వినిపించుకోడు.

అతనికి ఆరెకరాల నల్లరేగడి ఉండేది. నాలుగెకరాలు సొంతంగా సాగు చేసేవాడు. మిగిలిన రెండెకరాలను వీరరాఘవమ్మకు కౌలుకిచ్చాడు. ఆమె భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆ సేద్యం మీదే పెంచుకొస్తోంది. కౌలు డబ్బు ఏనాడూ ఆలస్యం చేయలేదు.

ఆ ఏడు మిరప నాట్లు పూర్తి కాగానే వీరరాఘవమ్మ అంకారావు ఇంటికి వచ్చింది.

"అన్నయ్యా, ఈ రెండెకరాలు నేను కౌలుకు చేస్తున్నట్టు ఒక కాగితం రాసివ్వు. అది ఉంటే పంట నా పేరున నమోదు చేస్తారంట" అంది.

"ఇన్నేళ్లుగా చేస్తున్నావు. మన మధ్య కాగితాలెందుకమ్మా?" అన్నాడు అంకారావు. కౌలు కాగితం ఇస్తే రేపు పొలం మీద హక్కు అడుగుతారని ఎవరో చెప్పిన మాట అతని మనసులో ఉంది. ఆమె మరోసారి అడగలేక వెళ్లిపోయింది.

ఆ మరుసటి వారమే పట్నం నుంచి పూర్ణచంద్రరావు కారులో వచ్చాడు. అతనికి పత్తి మిల్లూ, ఎరువుల దుకాణమూ ఉన్నాయి. అంతటి మనిషి తన అరుగు మీద కూర్చున్నందుకే అంకారావు పొంగిపోయాడు.

"సేద్యం మీద వచ్చిన ఆదాయానికి పన్ను లేదు. నా వ్యాపారానికేమో ఉంది" అన్నాడు పూర్ణచంద్రరావు. "నీ ఆరెకరాలూ నేను కౌలుకు తీసుకుని మిర్చి పండించినట్టు రాసుకుంటాను. నా వ్యాపారం డబ్బు కొంత ఆ లెక్కలోకి పోతుంది. ఈ ఏడాది ఎరువులన్నీ నీకు అరువు, వడ్డీ లేదు."

"నాకేమీ ఇబ్బంది రాదు కదండీ?"

"పొలం నీదే, పంట నీదే. కాగితం ఒక్కటే నాది."

అంకారావు సంతకం చేశాడు. వీరరాఘవమ్మ గుర్తుకు రాకపోలేదు. కాగితం కాగితమే కదా అనుకున్నాడు. పూర్ణచంద్రరావు ఆ కాగితంతోనే ఆరెకరాల పంటనూ తన పేరున నమోదు చేయించుకున్నాడు.

కాయ ఎరుపెక్కే వేళకు తుఫాను పట్టింది. వాగు పొంగి చేల మీద పడింది. నీరు తీసేసరికి మొక్కలు వేళ్లు కుళ్లి నిలువునా వాలిపోయి ఉన్నాయి. ఊళ్లో సగం పొలాలది అదే గతి. పంట నష్టపోయినవారికి ప్రభుత్వం సాయం ప్రకటించింది. అధికారులు చేలన్నీ తిరిగి చూశారు. కొన్నాళ్లకు సాయం అందేవారి పేర్లు వచ్చాయి. వాటిలో అంకారావు పేరు లేదు, వీరరాఘవమ్మ పేరూ లేదు.

ఇద్దరూ కలిసి మండల వ్యవసాయాధికారిణి దగ్గరికి వెళ్లారు.

"ఆ ఆరెకరాల్లో పంట పూర్ణచంద్రరావు గారి పేరున ఉంది" అందామె. "నష్టమేమీ లేదని, తుఫానుకు ముందే పంట కోసి అమ్ముకున్నానని ఆయనే రాసిచ్చారు."

వీరరాఘవమ్మ అంకారావు వైపు చూసింది. "ఆయనెవరన్నయ్యా? నా చేలో ఆయనెప్పుడు పండించాడు?" అని అడిగింది.

ఆ సాయంత్రమే అంకారావు పట్నం వెళ్లి పూర్ణచంద్రరావును కలిశాడు.

"పంట పోయిందని ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాడు.

"పోయిందంటే, అమ్మినట్టు చూపించిన సొమ్ము ఎక్కడిదని నన్ను అడుగుతారు" అన్నాడు పూర్ణచంద్రరావు నింపాదిగా. "నీకు రావలసిన సాయం నేనిస్తాను. ఎరువుల బాకీ కూడా కొట్టేస్తాను. నువ్వు ఊరికే ఉండు."

"మరి మా వీరరాఘవమ్మ?"

"ఆవిడ కౌలుకు చేసినట్టు ఏ కాగితమూ లేదుగా."

అంకారావు లేచి నిలబడ్డాడు. ఆమె అడిగిన నిజమైన కాగితం తను ఇవ్వలేదు. ఇతనికి మాత్రం అబద్ధపు కాగితం అడిగిన వెంటనే ఇచ్చాడు. ఆ మాట మరొకరి నోట వినేదాకా తను చేసిందేమిటో అతనికి తెలియలేదు. డబ్బు తీసుకోకుండానే ఊరికి బస్సెక్కాడు.

పొద్దున్నే వ్యవసాయాధికారిణి దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాడు.

"ఇది రాసిస్తే మీ మీద కూడా విచారణ జరుగుతుంది. ఆలోచించుకున్నారా?" అని అడిగిందామె.

"ఆలోచించే వచ్చానండీ. ముందు ఆమె రెండెకరాల సంగతి చూడండి."

విచారణ జరిగింది. చుట్టుపక్కల రైతులు వీరరాఘవమ్మే సాగు చేసిందని చెప్పారు. ఆమెకు సాయం అందింది. పూర్ణచంద్రరావు ఎగ్గొట్టిన పన్నును అపరాధ రుసుముతో కలిపి కట్టవలసి వచ్చింది. అతను ఎరువుల బాకీ వెంటనే కట్టమని అంకారావు మీద పడ్డాడు. తప్పుడు కాగితానికి సంతకం చేసినందుకు అంకారావూ జరిమానా కట్టాడు. ఆ రెంటి కోసం పాడి గేదెలు రెండూ అమ్మేశాడు. అతని వాటా సాయం విచారణ పేరుతో ఆగి, మరుసటి నాట్లు దాటాక గానీ చేతికి రాలేదు. పెట్టుబడి లేక ఆ ఏడు తన నాలుగెకరాల్లో రెండు బీడు పెట్టాడు.

వీరరాఘవమ్మతో మాత్రం ఆ ఏడే కౌలు కాగితం రాసుకున్నాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుని విని, తన నిబంధన కూడా ఒకటి చేర్పించింది: వరద వచ్చిన ఏడు కౌలు సగమే. అంకారావు ఒప్పుకున్నాడు. తను కూడా పంట అమ్మిన ప్రతిసారీ కొంత సొమ్మును చెడ్డ ఏడు కోసం విడిగా దాచడం మొదలుపెట్టాడు. ఎరువులు అరువు తేవడం మానేశాడు.

పన్ను మినహాయింపు రైతు చెమటకు చట్టం ఇచ్చిన గొడుగు. దాన్ని ఇంకొకరికి అద్దెకిచ్చినవాడు వాన వచ్చిన రోజు తను తడవడమే కాదు, తనను నమ్ముకున్నవాళ్లనూ తడుపుతాడు.