ఆదెమ్మ వేసిన చింతపిక్క

అనగనగా ఒక ఊళ్ళో నేల తక్కువ, నీళ్ళెక్కువ. కొల్లేటి గట్టు మీద ఉండేదిలే ఆ ఊరు. దుప్పటి కప్పుకో, చెప్తాను. కాళ్ళు బయట పెట్టకు, దోమలు కుడతాయి.

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ మాట ఏడాది పొడుగునా చెల్లేది. ఒక్కరోజు మాత్రం చెల్లేది కాదు. ఆ రోజు పుస్తకాల పండగ, లైబ్రరీలో పిల్లల పుస్తకాలకి బహుమానం ఇచ్చేవాళ్ళు. ఇచ్చేదెవరనుకున్నావు? పిల్లలే! ప్రెసిడెంటుగారైనా సరే, చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడాల్సిందే. అలా ఉండాలి మరి. చదివేది వాళ్ళయితే మంచిదేదో చెప్పడానికి పెద్దవాళ్ళెవరు?

ఎలాగంటే, ముందే పిల్లలకి చదవడానికిచ్చిన మూడు కొత్త పుస్తకాలు ఆ రోజు బల్ల మీద పెట్టేవాళ్ళు. వాటి ముందు మూడు ముంతలు. ఒక్కొక్కరికీ ఒక్కటే చింతపిక్క. ఏ పుస్తకం నచ్చితే దాని ముంతలో వెయ్యాలి. ఎక్కువ పిక్కలు పడ్డ పుస్తకం రాసినవాళ్ళ మెళ్ళో తామరపూల దండ వేసేవాళ్ళు.

అయితే పిక్క ఊరికే ఇవ్వరు. లైబ్రరీ జోగారావు మాస్టారు పళ్ళెం పట్టుకుని గడప లోపల నిలబడేవారు. పిల్లలు గడప బయట నిలబడి, "మూడూ చివరిదాకా చదివాను మాస్టారూ" అనాలి. అప్పుడు పిక్క చేతిలో పెట్టేవారు. పరీక్షలేం లేవు, నోటిమాటే. ఇంకో సంగతి, పన్నెండేళ్ళు నిండితే పిక్క లేదు.

ఆ ఊళ్ళోనే ఆదెమ్మ అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న సూరయ్య బాతులు మేపేవాడు. బడి అయ్యాక ఆదెమ్మ ఆ బాతుల వెనకాల తిరిగేది, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పుస్తకం. ఆ పిల్లకి మనసులో చదువుకోవడం రాదు. అక్షరాల కింద వేలు పెట్టి పైకే చదివేది. మంచి మాట ఎదురైతే అక్కడే ఆగిపోయేది. మళ్ళీ చదివేది. "విన్నారా ఏమన్నాడో?" అని బాతుల్ని అడిగేది. అవి వినకేం చేస్తాయి పాపం, కర్ర దాని చేతిలో ఉందాయె.

అందుకే ఏ పుస్తకమూ ఓ పట్టాన తెమిలేది కాదు. లైబ్రరీలో చేరిన మొదటి ఏడాది పండగ రోజుకి ఒక్క పుస్తకమే అయింది. రెండో ఏడాది రెండయ్యాయి. రెండుసార్లూ గడప బయటే నిలబడి, మిగతా పిల్లల పిక్కలు ముంతల్లో పడుతుంటే ఆ చప్పుడు వింది. ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

ఆ తర్వాత మూడో ఏడాది వచ్చింది. ఇంకో నెలకి ఆదెమ్మకి పన్నెండు నిండుతాయి. ఇక ఇదే ఆఖరు. ఒక్కసారి, ఒక్క పిక్క తన చేత్తో వెయ్యాలి. ఆ పిల్ల కోరికల్లా అదే.

ఆ ఏడు మొదటి పుస్తకం ఏనుగు లాంచీ ఎక్కిన కథ, పేజీకో రంగుల బొమ్మ. రెండోది మతిమరుపు దొంగ కథ, పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. మూడోది పల్చటి పుస్తకం. ఒక పడవ తాత కథ. బొమ్మ అన్నది వెతికినా లేదు. పిల్లలంతా దాన్ని ఒక్క పూటలో గబగబా తిప్పేసి, అయిందనిపించారు.

ఆదెమ్మ ఏనుగు కథ చదివింది. ఆ తర్వాత దొంగ కథ చదివింది. అప్పుడు తాత కథ మొదలుపెట్టింది. రోజులు సరిపోయేవే. కానీ పండగ ముందు పెద్ద వాన కొట్టి మూడు బాతులు తప్పిపోయాయి. రెండ్రోజులు వాటిని వెతకడంతోనే సరిపోయింది. బాతులు దొరికాయి గానీ, మూడు పేజీలు మిగిలిపోయాయి.

పండగనాడు పొద్దున్నే స్నేహితురాలు ఝాన్సీ వచ్చింది. "మూడు పేజీలేగా, ఏమైందో నేను చెప్పేస్తా విను" అంది. ఆదెమ్మ చెవులు మూసుకుంది.

అప్పుడు పక్కింటి కుర్రాడు నాంచారయ్య వచ్చాడు. "చదివేశాననవే. మాస్టారేమైనా నీ బుర్రలోకి తొంగిచూస్తారా?" అన్నాడు. ఆదెమ్మ కాసేపు ఆలోచించింది. ఆలోచించలేదని నీకు అబద్ధం చెప్పలేను తల్లీ, బాగానే ఆలోచించింది.

ఆ తర్వాత నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "నా బాతుల మూలంగానే కదమ్మా. నేనొచ్చి మాస్టారితో చెప్తానుండు" అన్నాడు.

"వద్దు నాన్నా. నువ్వు చెప్తే నేను చదివినట్టవుతుందా?" అంది ఆదెమ్మ. బాతుల్ని తోలుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరింది.

లైబ్రరీ ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కరే గడప దాటుతున్నారు. ఆదెమ్మ వంతు వచ్చింది. పళ్ళెంలో పిక్కలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. "మూడూ చివరిదాకా..." అంది. చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"లేదు మాస్టారూ. మూడు పేజీలున్నాయి" అని ఏడ్చేసింది.

"ఏడుపెందుకే పిచ్చిమొహమా! పిక్కలు వెయ్యడం ఆపమని గంట కొట్టేదాకా నీదే కదా పొద్దు. ఇక్కడే కూర్చుని చదువు" అన్నారు మాస్టారు.

ఆదెమ్మ గడప పక్కన చతికిలబడింది. వేలు పెట్టింది. పైకే చదవడం మొదలుపెట్టింది. పిక్కలు వేసేసిన పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆదెమ్మకి అవేం వినపడలేదు.

ఆ పుస్తకంలో ఏటి మీద వంతెన కట్టేశారు. ఇక తాత పడవ ఎక్కేవాళ్ళు లేరు. అయినా తాత రోజూ ఖాళీ పడవని అవతలి ఒడ్డుదాకా నడిపేవాడు, లేకపోతే పడవ చిన్నబుచ్చుకుంటుందని. చివరి పేజీల్లో ఒకరోజు ఎక్కడిదో ఒక కొంగ వచ్చి పడవలో కూర్చుంది. "ఎందాకమ్మా?" అన్నాడు తాత. ఎంతో మర్యాదగా తెడ్డు వేశాడు. ఒడ్డు రాగానే కొంగ ఎగిరిపోయింది. తాత పడవని తట్టి, "చూశావా, ఒకరెక్కారు" అన్నాడు.

ఆదెమ్మ అక్కడ ఆగింది. ఆ మాట మళ్ళీ చదివింది. తలెత్తి చూస్తే ఒక్కరూ నవ్వడం లేదు. పిల్లలంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు, బాతుల మధ్యలోనే. నాంచారయ్య కళ్ళు తుడుచుకుంటూ, "ఇది నేను చదివిన పుస్తకమేనా?" అన్నాడు.

"మూడూ చివరిదాకా చదివాను మాస్టారూ" అంది ఆదెమ్మ. మాస్టారు పిక్క ఆ పిల్ల చేతిలో పెట్టారు. ఆదెమ్మ గడప దాటింది. మూడో ముంత దగ్గరికెళ్ళి వేసింది. టక్కుమంది. అడుగు తగిలిన చప్పుడది. అంతవరకూ ఆ ముంతలో ఒక్కటీ పడలేదన్నమాట.

అప్పుడే గంట కొట్టారు. "మాస్టారూ, మా పిక్కలు తీసి మళ్ళీ వేస్తాం" అని పిల్లలు ఒకటే గోల. "వేసింది వేసిందే. ఎలా చదివారో అలా వేశారు" అన్నారు మాస్టారు. ఏనుగు పుస్తకం గెలిచింది. అది రాసినావిడ మెళ్ళో దండ పడింది. మంచి పుస్తకమేలే అదీను. అందరూ చప్పట్లు కొట్టారు.

తాత కథ రాసిన వీరాస్వామిగారు కూడా వచ్చారు, మూడు బస్సులు మారి. బెంచీ చివర గొడుగు పట్టుకుని కూర్చున్నారు. ఆయన నెమ్మదిగా లేచి, తన ముంతలో చెయ్యి పెట్టి ఆ పిక్కని తీశారు. "ఇది ఎవరిదమ్మా?" అన్నారు.

ఆదెమ్మకి ప్రాణం ఉసూరుమంది. "నాదేనండి. ఒక్కటే పడింది. ఏమనుకోకండి" అంది.

ఆయన తన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అట్ట మీద మెల్లగా తట్టి, "చూశావా, ఒకరెక్కారు" అన్నారు.

పిక్కలన్నీ మళ్ళీ ఏడాదికి డబ్బాలో దాచాలి. కానీ ఆ ఒక్కటీ ఆయన అడిగితే మాస్టారు కాదనలేదు. కండువా కొసన ముడేసుకుని పట్టుకెళ్ళారు.

మళ్ళీ ఏడు పండగొచ్చింది. ఆదెమ్మకి పన్నెండు దాటాయి. బాతుల్ని తోలుకుంటూ ఆ దారిన తలొంచుకుని పోతోంది. మాస్టారు కేకేశారు. "ఎక్కడికే? పిల్లలు కూర్చుని ఉన్నారు. మూడు పుస్తకాలూ నువ్వు చదివి వినిపించాకే ఈసారి పిక్కలు. పిక్కకి వయసుంది గానీ గడపకి లేదు, వచ్చి కూర్చో."

ఆదెమ్మ వచ్చి కూర్చుంది. బాతులూ కూర్చున్నాయి. వేలు పెట్టి, పైకే మొదలుపెట్టింది.

బాతులేమో గూటికి,
పడవేమో రేవుకి,
పిక్కేమో కండువా ముడికి,
కథేమో కంచికి,
నా బంగారు తల్లేమో నిద్దరికి.